రెండు మూరల చుక్క

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు వచ్చి నా బీరువా సర్దుతానని కూర్చుని, అడుగు అరలోంచి నా పాత లెన్సును బయటికి తీసింది. ఫోటోలు తీయడం దానికి ఉద్యోగం కాదు, సరదా. ఆ సరదాకు తోడు ఈ మధ్య పాత లెన్సుల పిచ్చి పట్టుకుంది. మనం వేళ్ళతో రింగు తిప్పుకుంటూ, ఊపిరి బిగబట్టి ఫోకస్ చేసుకున్న ఆ లెన్సులనే ఇప్పుడు ఈ పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వెతికి తెప్పించుకుని, మధ్యలో అడాప్టరని ఒక చుట్టు తగిలించి, నిక్షేపంలాంటి డిజిటల్ కెమెరాలకు బిగించుకుని మురిసిపోతున్నారు. మురవనీ అనుకుని నేను వంటింట్లో పోపు వేసుకుంటున్నాను. ఎందుకో తొంగి చూస్తే, అది దూది మీద గోళ్ళరంగు చెరిపే మందు పోసుకుని రింగు మీదున్న ఎర్ర చుక్కను తుడవబోతోంది. నేను పెట్టిన కేకకు దాని చేతిలో దూది ఎగిరి అవతల పడింది, ఇవతల నా పోపు మాడింది.

అరవై దాటిన మనిషి ఒక గోళ్ళరంగు చుక్క కోసం ఇంత గోల చేయడమేమిటని అది నన్ను ఎగాదిగా చూసింది. దానికి చెప్పిందే మీకూ చెబుతాను. మీరైతే నా ఈడువాళ్ళు, రీలుకు ముప్పై ఆరు ఫోటోలే ఉన్న రోజులు ఎరిగినవాళ్ళు కనుక, దానికి చెప్పినంత విడమరచి చెప్పనక్కర్లేదు.

తొంభైల మొదట్లో మా వారికి బదిలీ అయి తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి, యాకుత్‌పురాలో రైలు కూత వినబడేంత దూరంలో ఒక వాటాలో దిగాం. పక్క వాటాలో ఉండే పెద్దవాళ్ళను చాచా, చాచీ అనేవాళ్ళం. చాచాకు బజారులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళలో మగవాళ్ళ వైపు ఫోటోలు ఆయన తీసేవాడు; పరదా కట్టిన ఆడవాళ్ళ వైపు మగవాడు కెమెరాతో అడుగుపెట్టే మాటే లేదు కనుక అక్కడ చాచీ తీసేది. మనిషి మంచి పొడగరి, చేతులు కూడా పొడుగే. వాకిట్లో బురఖా విప్పి, కొంగు నడుముకు దోపి, కెమెరా మెడలో వేసుకుని లోపలికి వచ్చిందంటే పెళ్ళికూతురి మేనత్తలు కూడా పక్కకు జరిగి దారి ఇవ్వాల్సిందే.

మా వారు ఆఫీసుకు వెళ్ళాక నాకు పొద్దు పోయేది కాదు. ఒకనాడు చాచీ గోడవతల నుంచి, "ఊకె కూసుంటే ఏమొస్తది బిడ్డా, జర ఫ్లాష్ పట్టుకుందువు గాని, నడువ్" అంది. అలా ఫ్లాష్ పట్టుకోవడానికి వెళ్ళినదాన్ని, రెండేళ్ళు తిరిగేసరికి కెమెరానే పట్టుకున్నాను. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా, ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళలో నీకేం పనే అని సాధించేవారు గాని, నేను ఇంటికి తెచ్చిన ఖుబానీ మీఠా గిన్నెను మాత్రం ఆవిడే ఖాళీ చేసేవారు. ఏ ఇంటి పెళ్ళికి వెళ్ళినా నేను మాంసం తిననని గుర్తు పెట్టుకుని నా పళ్ళెం విడిగా తీసిపెట్టేవారు. ఒక్కసారి కూడా అడగాల్సి రాలేదు. ఇది కథకు సంబంధం లేని మాటే, కానీ చెప్పకుండా ఉండలేను.

ఇక ఆ చుక్క సంగతి. నిఖా అయ్యాక వరుణ్ణి లోపలికి పిలిచి, పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి తలల మీద ఎర్ర దుపట్టా కప్పి, వాళ్ళ ఒడిలో అద్దం పెడతారు. ఆ ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకునేది ఆ అద్దంలోనే. జల్వా అంటారు దాన్ని. పెళ్ళి మొత్తానికీ తలమానికమైన ఫోటో అదే. దుపట్టా అంచు ఎత్తి, కెమెరాతో తల లోపల పెట్టి తీయాలి. మళ్ళీ ఒకసారి చూసుకోండమ్మా అంటే చూసుకుంటారు గాని, రెండోసారి చూసే చూపు కెమెరా కోసం చూసే చూపు.

అద్దంలో ఉన్న మనిషిని ఫోకస్ చేయడంలో ఒక కిటుకుంది. అద్దం ఉన్న దూరానికి రింగు తిప్పితే అద్దం చట్రం చక్కగా వస్తుంది, అందులో ముఖాలు అలుక్కుపోతాయి. లెన్సు నుంచి అద్దం దాకా ఎంతో, అద్దం నుంచి ముఖం దాకా ఎంతో, రెండూ కలిపిన దూరానికి తిప్పాలి. దుపట్టా కింద చీకట్లో, చుట్టూ ఆడవాళ్ళ తోపులాటలో ఆ లెక్కలు ఎవరు చేస్తారు? చాచీ మల్లెపూలు కొలిచినట్టు చెయ్యి చాపేది. లెన్సు దగ్గర మోచెయ్యి, అద్దం అంచున వేలి కొస, అది ఒక మూర. ఒడిలోని అద్దం నుంచి వంచిన ముఖానికి ఇంకో మూర. ఆ రెండు మూరలకు రింగు ఎక్కడ ఆగాలో అక్కడ గోళ్ళరంగుతో చుక్క పెట్టుకుంది. చుక్కను లెన్సు మీది గీతకు చేర్చడం, మూర కొలవడం, నొక్కడం, అంతే.

నేను మొదటిసారి జల్వా తీసినప్పుడు దుపట్టా, పూలు, నగలు, అన్నీ రావాలని దూరంగా నిలబడ్డాను. "ఏంది బిడ్డా, గట్ల దూరం నిలబడ్డవ్? కళ్ళు గావాలె, గాజులు గాదు" అని అందరి ముందూ కసిరింది. ఆ తర్వాత నేను తీసిన ప్రతి జల్వా ఫోటోకూ ఆమె అడిగేది ఒకటే, కళ్ళు కనిపిస్తున్నాయా అని. తన ఫోటో మాత్రం తీయనిచ్చేది కాదు. నేను గీ దిక్కు మనిషిని అనేది, కెమెరా వెనక్కి చెయ్యి చూపిస్తూ.

వాళ్ళకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దమ్మాయిల జల్వా ఫోటోలు చాచీయే తీసి, పటాలు కట్టించి ముందుగదిలో తగిలించింది. పక్కనే చిన్నదాని కోసం మూడో మేకు కొట్టి ఉంచింది. చిన్నదాని పెళ్ళీడు వచ్చేలోపల షుగరు ఆమె కళ్ళను తినేసింది. మనుషులు నీడల్లా కనబడుతున్నారని తెలిసిన రోజున, ఏడవలేదు, లొల్లి చేయలేదు, లెన్సును చేతిరుమాలులో చుట్టి తెచ్చి నా ఒడిలో పెట్టింది. "చిన్నదాని జల్వా నువ్వే తియ్యాలె" అంది. నేనే వెక్కి వెక్కి ఏడ్చాను.

రెండువేల అయిదో, ఆరో అయి ఉంటుంది, చాచా డిజిటల్ కెమెరా తెచ్చాడు. దానికి దాని సొంత లెన్సు, తనంతట తనే ఫోకస్ చేసుకునేది. నాకు భలే సంబరమనిపించి, పాత లెన్సును బీరువాలో పడేశాను. ఆ నెలలోనే బార్కస్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి, ధీమాగా దుపట్టాలో తల పెట్టి, మీట సగం నొక్కి, అది కీచుమనగానే పూర్తిగా నొక్కాను. ఆ చిన్న తెర మీద అంతా బాగానే ఉన్నట్టుంది. పెద్ద ప్రింటు వేయించి చూస్తే అద్దం చట్రానికి కుట్టిన పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా ఉన్నాయి, ముఖాలు రెండూ నీళ్ళలో తడిసిన ఉత్తరంలా ఉన్నాయి. పెళ్ళికూతురి తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. "అద్దం మస్తుగొచ్చింది బేటీ" అంది. తిట్టినా బాగుండేది, నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మాట బార్కస్ నుంచి యాకుత్‌పురాకు నాకంటే ముందే చేరింది. నెల తిరక్కుండా చాచీ చిన్నకూతురి పెళ్ళి కుదిరింది. చాచా తమ్ముడు, వేరే పెద్ద స్టూడియో వాళ్ళను పిలుద్దాం, వాళ్ళ దగ్గర కూడా ఆడపిల్లలున్నారు అన్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే మంచిదన్నాను. చాచీ ఒప్పుకోలేదు. అక్కలిద్దరి పటాల పక్కన చెల్లెలి పటం అలుక్కుపోయి వేలాడుతుందేమోనన్న భయం ఆ ఇంట్లో అందరికీ ఉంది, ఒక్క చాచీకి తప్ప.

బీరువా తెరిచి పాత లెన్సు తీశాను. ఒకే కంపెనీది కనుక కొత్త కెమెరాకు చక్కగా పట్టింది. పట్టడమైతే పట్టింది గాని, కెమెరా దాన్ని చుట్టంగా ఒప్పుకోలేదు. వెలుతురు కొలిచి చెప్పదు, ఫోకస్ కుదిరిందని కీచుమనదు, అన్నీ మనమే చూసుకోవాలి. పైగా బొమ్మ అంతా దగ్గరికి వచ్చేసినట్టుండి, రెండు ముఖాలు పూర్తిగా పట్టవు, కళ్ళ మటుకు పడతాయి. వెలుతురు నాకు భయం లేదు, కంటితో చూసి చెప్పగలను. ఫోకస్ దగ్గరే చిక్కంతా. మా వారి తల మీద ఎర్ర తువ్వాలు కప్పి, ఒడిలో అద్దం పెట్టి, ఒక ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పెళ్ళికొడుకును చేశాను. పాపం, కాఫీ కూడా తువ్వాలు కిందే తాగారు. చుక్క సరిగ్గా పెట్టాను, మూర సరిగ్గా కొలిచాను. అయినా వచ్చిన ప్రతి ఫోటోలోనూ మా వారి చెవులు వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉన్నాయి, కళ్ళు మాత్రం మసక. కెమెరాను తిట్టుకున్నాను. ఏం చేయాలో తోచలేదు.

పెళ్ళి కిషన్‌బాగ్‌లో ఒక ఫంక్షన్ హాలులో. జల్వాకు పిలిచారు. దుపట్టా కప్పారు, అద్దం పెట్టారు, నేను మోకాళ్ళ మీద కూర్చుని, చుక్కను గీతకు చేర్చి, నా మూర కొలుచుకుని, అంచు ఎత్తాను. అప్పుడు వెనక నుంచి ఎవరో నా భుజం పట్టుకున్నారు. చాచీ. పెద్దకూతురి చెయ్యి పట్టుకుని అంతమందిలోంచి వచ్చి నా వెనకే కూర్చుంది. ఏమీ కనబడదు కనుక నా భుజం మీదుగా చెయ్యి చాపి, మోచెయ్యి లెన్సుకు ఆనించి, వేళ్ళతో అద్దాన్ని వెతికింది. వేళ్ళు అద్దం దాటి అవతల ఒడిలోకి పోయాయి.

"మస్తు దగ్గరున్నవ్ బిడ్డా. జర పీఛే" అని చిన్నపిల్లల్ని చొక్కా పట్టుకుని లాగినట్టు నన్ను జాకెట్టు పట్టుకుని వెనక్కి లాగింది. నాలుగు వేళ్ళంత. ఆమె వేలి కొస అద్దం అంచుకు తగిలాక, "బస్, హిల్ నక్కో" అంది, ఇక కదలొద్దని. అప్పుడు తట్టింది నాకు. ఆ చుక్క ఆమె మూరతో పెట్టిన చుక్క, నేనేమో ఇన్నాళ్ళూ నా మూరతో కొలుస్తున్నాను! ఆమె పొడగరి, నేను పొట్టిదాన్ని. పాత ఫిల్ము కెమెరాలో చూసే కిటికీ మధ్యన బొమ్మ రెండు ముక్కలై కనిపించేది, ముక్కలు కలిసేదాకా కాస్త వెనక్కో ముందుకో వాలి సర్దుకునేదాన్ని కనుక ఆ తేడా ఎన్నడూ బయటపడలేదు. కొత్తదానికి ఆ ముక్కల గాజు లేదు, నా తప్పు పట్టుకునేవాళ్ళు లేకపోయారు. సరిగ్గా ఆ క్షణాన అద్దంలో పిల్ల కళ్ళెత్తింది, కుర్రాడూ కళ్ళెత్తాడు, నేను నొక్కాను.

"కళ్ళు కనిపిస్తున్నయా?" అంది చాచీ వెంటనే.

ఈసారి తెరను నమ్మకుండా, పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూశాను. నాలుగు కళ్ళూ ఉన్నాయి. పిల్ల కనురెప్పల మీద సుర్మా రేణువులతో సహా ఉన్నాయి. కనిపిస్తున్నాయి చాచీ, అన్నాను. ఎట్లున్నయో చెప్పమంది. పిల్ల భయపడుతున్నట్టు మొహం పెట్టింది గాని కళ్ళు నవ్వుతున్నాయనీ, కుర్రాడు నిజంగానే భయపడుతున్నాడనీ చెప్పాను. చుట్టూ ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు.

"గాజులో?" అంది, నన్ను ఏడిపించడానికి.

"మీవి పడ్డాయి చాచీ, ఒక మూలన."

నిజంగానే పడ్డాయి. ఆమె చెయ్యి తీసేలోపలే నొక్కేశాను కనుక, ఫోటో కింది మూలలో ఆమె మణికట్టు, రెండు పచ్చ గాజులు, అలుక్కుపోయినట్టు ఉన్నాయి. చాచా తమ్ముడు ఆ మూల కత్తిరించి పటం కట్టిద్దామన్నాడు. నేను చస్తే ఒప్పుకోనన్నాను, ఆ ఒక్కసారికి నా మాటే నెగ్గింది. మూడో మేకుకు అలాగే వేలాడింది ఆ పటం. నాకు తెలిసి చాచీ ఉన్న ఫోటో అదొక్కటే. దానికి ఇంకో కాపీ నా దగ్గర ఉంది.

చాచీ పోయి చాలా ఏళ్ళయింది, చాచా కూడా లేడు. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఇప్పటి కెమెరాలు మనిషి కన్ను ఎక్కడుందో వాటంతటవే వెతికి పట్టుకుని చుట్టూ పచ్చటి గడి గీస్తాయి, అద్దంలో ఉన్న కంటిని కూడా. మంచిదే, బార్కస్ తల్లిలాంటి తల్లి ఇంకెవరికీ ఎదురుపడదు. కానీ ఇప్పుడు ఫోటోగ్రాఫరు వెనకాల కూర్చుని, జాకెట్టు పట్టుకుని లాగే మనిషి అవసరం ఎవరికీ లేదు. నాకు ఆ మనిషి కావాలి. ఈ వయసులో కూడా కావాలి.

ఇదంతా విని మా పిల్ల గోళ్ళరంగు మందు తనే మూత పెట్టి పక్కన పెట్టింది. లెన్సును తన కెమెరాకు బిగించి, నా ఒడిలో అద్దం పెట్టి, చుక్కను గీతకు చేర్చి, ఎంత దూరంలో ఉండాలి పెద్దమ్మా అంది. వేలి కొస అద్దం అంచుకు ఆనించి, నా మోచేతి దాకా ఒక మూర చూపించాను. అక్కడ ఆగకుండా, రెండో చేతి నాలుగు వేళ్ళు మోచేతి పక్కన చేర్చి, ఇదిగో, ఇక్కడ అన్నాను.

ఆ నాలుగు వేళ్ళు ఎందుకు అంది.

అవి చాచీవి, అన్నాను.