గ్రేస్ అన్న ‘నైన్’

మా విభాగంలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. జర్మన్ మేడమ్, అంటే నేను, తన దగ్గర చదువుకున్న అమ్మాయి జర్మనీ వెళ్తోందని కడుపు మండి కావాలనే ఒక మాట తప్పుగా నేర్పిందట. ఆ పిల్ల ఇంటర్వ్యూలో అదే తప్పు అనేసి, వచ్చిన జర్మన్ ప్రొఫెసరు మంచివాడు కాబట్టి గట్టెక్కిందట. నా వీడ్కోలు సభలో ఒక పెద్దమనిషి ఈ కథని మైకు ముందు నవ్వుతూ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మెడలో పూలదండ వేసుకుని పోట్లాడితే బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు దండ లేదు.

ఆ కథలో ఒక్క ముక్క నిజం. కడుపు మండింది. మిగతాదంతా కల్పన.

1981 జూలైలో విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో విదేశీ భాషల విభాగంలో జర్మన్ చెప్పడానికి పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరాను. పార్ట్‌టైమ్ అంటే చెప్పిన గంటకే జీతం, చెప్పని గంటకి మనిషే లేనట్టు. విభాగం సమావేశానికి పిలిచేవారు, కుర్చీ వేసేవారు, అభిప్రాయం మాత్రం అడిగేవారు కాదు. అడక్కపోయినా చెప్పేదాన్ని, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో ఊరంతా రష్యన్ మోజు. ఉక్కు కర్మాగారం కట్టడానికి రష్యా ఇంజనీర్లు దిగారు. వాళ్ల భాష నాలుగు ముక్కలు వస్తే చాలు, స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చినట్టేనని పిల్లల నమ్మకం. రష్యన్ తరగతికి పెద్ద హాలు, ఫ్యాన్లు, టేప్‌రికార్డరు. నాకు వరండా చివర గది, కిటికీలోంచి పోర్టు ఇనప ఖనిజం ఎర్ర దుమ్ము. ‘కాదు’ని జర్మన్‌లో ‘నైన్’ అంటారని మొదటి రోజు చెబితే, వెనక బెంచీవాడు ‘టెన్’ అన్నాడు. నా కొలువు అలా మొదలైంది.

రెండో ఏడాది మా మెటలర్జీ విభాగానికి పశ్చిమ జర్మనీలోని డోర్ట్‌ముండ్ నగరంతో ఒక ఒప్పందం కుదిరింది. అదీ ఉక్కు ఊరే. ఇక్కణ్ణుంచి ఒకరు ఏడాది పాటు అక్కడి యూనివర్సిటీలో ఉండి రావాలి, అక్కణ్ణుంచి ఒకరు ఇక్కడికి. మొదటి ఏడు మెటలర్జీ విద్యార్థి, మరుసటి ఏడు భాష చెప్పే టీచరు. షరతు ఒక్కటే. వెళ్లినవాళ్లు తిరిగి వచ్చి కాలేజీలో పనిచెయ్యాలి. మొదట వెళ్లిన మనిషి రాకపోతే రెండో మనిషి ప్రయాణం ఉండదు. ఆ రెండో మనిషిని నేను. మా హెడ్డు గారు స్వయంగా, “వచ్చే ఏడు మీదేనమ్మా” అన్నారు.

మొదటి మనిషి గ్రేస్. పోర్టులో టాలీ క్లర్కుగా, అంటే ఓడలోంచి దిగే సరుకుని లెక్క పెట్టి రాసుకునే గుమస్తాగా, పనిచేసే దానియేలు గారి ఒక్కతే కూతురు. మా కాలేజీలోనే ఎం.టెక్. ఇక్కడ ఎంపికైంది, ఇక డోర్ట్‌ముండ్ ప్రొఫెసరు వచ్చి ఇంటర్వ్యూ చేసి ఖాయం చెయ్యాలి. ఆ అమ్మాయిని ప్రయాణానికి తయారు చేసే పని నాకు అప్పగించారు. నేను పుస్తకాల్లోనే చూసిన ఊరికి, ఎలా మాట్లాడాలో, ఎలా పలకరించాలో, ట్రామ్ ఎలా ఎక్కాలో నేర్పి ఇంకొకరిని పంపడం నా డ్యూటీ. కడుపు మండదా? మండలేదన్నవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి నా ఎదురుగా కూర్చోమనండి.

పైగా ఆ పిల్ల నోరు తిరిగే తీరు! జర్మన్‌లో ఒక అచ్చుంది. పెదవులు ‘ఊ’కి చుట్టి, నాలుకతో ‘ఈ’ అనాలి. నాకది హైదరాబాదులో డిప్లొమా చదివినన్నాళ్లూ పట్టుబడలేదు. గ్రేస్ మొదటి వారంలోనే మంచినీళ్లు తాగినట్టు పలికింది. “బాగుందా మేడమ్?” అని అడిగింది. “పర్వాలేదు” అన్నాను.

ఇక ఆ మాట సంగతి. మనం ‘లేదు’, ‘అవును’ వాడే పద్ధతికీ జర్మన్ వాళ్ల పద్ధతికీ చుక్కెదురు. “భోజనం చెయ్యరా?” అని మనల్ని అడిగితే “లేదండీ, చేస్తాను” అంటాం. మన ‘లేదు’ ఎదుటివాడి అనుమానాన్ని కొట్టేస్తుంది. జర్మన్‌లో అదే ప్రశ్నకి ‘నైన్’ అంటే ‘చెయ్యను’ అని ఖాయం చేసినట్టు. చేస్తానని చెప్పడానికి వాళ్లకి వేరే మాట ఉంది, ‘డొఖ్’. నువ్వు కాదనుకుంటున్నావు గానీ అవును, అని దాని భావం. తెలుగువాళ్లు తప్పకుండా బోల్తా పడే చోటు ఇదే. అందుకే మొదటి నెలలోనే నేర్పాను, మళ్లీ మళ్లీ అడిగి నేర్పాను. నేర్పలేదన్నవాళ్లు ఆ గదిలో లేరు.

గ్రేస్‌కి ఆ మాట ఎంత నచ్చిందంటే ఇంట్లో కూడా అదే. ఒక ఆదివారం పాఠం చెప్పడానికి పోర్టు క్వార్టర్స్‌లో వాళ్లింటికి వెళ్తే దానియేలు గారు వాకిట్లోనే పట్టుకున్నారు.

“మేడంగారూ, మా పిల్లకి ఏటి నేర్పుతన్నారండీ? ఇంకా తానం సెయ్యలేదేటే అంటే డొక్కు అంతాది. అన్నం తినవేటే అంటే డొక్కు అంతాది. దీని డొక్కుతో నా డొక్క సిరిగిపోతన్నాది.”

లోపల్నుంచి గ్రేస్ అరిచింది. “డొక్కు కాదు నాన్నా, డొఖ్! గొంతులోంచి రావాల!”

“గొంతులోంచి దగ్గొత్తాదే నాకు!”

నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఈ ఇల్లంతా ఒక పిల్ల ప్రయాణం చుట్టూ తిరుగుతోంది కదా, నా ప్రయాణం చుట్టూ తిరిగేవాళ్లు ఎవరున్నారని లెక్క చూసుకున్నాను. ఎవరూ లేరు.

తర్వాత కోటు. మన ఊళ్లో ఓవర్‌కోటు ఎవరికి కావాలి, ఎవరు అమ్ముతారు? పూర్ణా మార్కెట్ వెనక ఓడ ఆఫీసర్లకి యూనిఫాంలు కుట్టే కరీం సాయిబు ఒక్కడికే అది కుట్టడం వచ్చు. ముతక ఉన్ని గుడ్డ దొరికిన రోజు గ్రేస్ డాక్టరు పరీక్షకి వెళ్లింది. దానియేలు గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, “మీరూ అదీ ఒకే ఒడ్డూ పొడుగూ గదండీ, కాసేపు నిలబడండి” అన్నారు. నిలబడ్డాను. మండుటెండలో ఆ గుడ్డ నా భుజాల మీద కప్పి సాయిబు కొలిచాడు.

“మేడమ్, లోపల స్వెట్టర్ ఏస్తారు గదా, కొంచెం వదులు పెడతన్నాను. ప్రయాణం ఎప్పుడమ్మా?”

“నాది కాదు” అన్నాను.

“మరి కొలత మీదే తీస్తన్నాను?”

“అది ఈయన్ని అడుగు.”

బయటికొచ్చాక దానియేలు గారితో, ఇంకా ఇంటర్వ్యూ కాలేదు, అప్పుడే కోటేమిటండీ అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు. “అవ్వకేటండీ? మీరున్నారు గదా.”

ఆ మాట నన్ను ఎక్కడో కుట్టింది. నా అసూయకి అంత విలువైన నమ్మకం అంటగట్టే హక్కు ఆయనకి ఎవరిచ్చారు?

1983 ఎండాకాలంలో డోర్ట్‌ముండ్ నుంచి ప్రొఫెసరు వచ్చాడు. గదిలో ఆయన, మా హెడ్డు గారు, భాషా పరీక్షకురాలిగా నేను. పరీక్షకురాలి పని ఏమిటంటే, ఉచ్చారణకీ, అర్థం చేసుకోవడానికీ, సమాధానం చెప్పడానికీ విడివిడిగా మార్కులు వెయ్యడం. అభ్యర్థికి మాట అందించకూడదు. బోర్డు అడిగితే తప్ప అనువాదం చెయ్యకూడదు.

గ్రేస్ బ్రహ్మాండంగా మాట్లాడింది. బ్లాస్ట్ ఫర్నేస్ గురించి అడిగితే ఆయనే తల ఊపుతూ విన్నాడు. చివర్లో సరదాగా అన్నట్టు అడిగాడు. తెలుగులో చెప్పాలంటే, “మా ఊరు నచ్చేస్తే ఇక తిరిగి వెళ్లరా ఏమిటి?”

గ్రేస్ “నైన్” అంది.

అంతే. ఒక్క మాట. ఆయన పెన్ను ఆగిపోయింది. “నైన్?” అన్నాడు మళ్లీ. గ్రేస్ తలెత్తి ఆయన్నే చూసింది. జర్మన్ రాని మా హెడ్డు గారికి కూడా ఆ ఒక్క మాట తెలుసు. “ఏమిటమ్మా, దేన్ని కాదంటోంది?” అని నన్నడిగారు.

నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. నియమం నా వైపే ఉంది. సీటు పోయేది. దానియేలు గారు కుట్టించిన కోటు సందుగలో మగ్గేది. ఆ క్షణంలో నాకది తోచలేదని చెప్పను, తోచింది. కానీ తప్పు అర్థం నా ఎదురుగా చలామణీ అవుతుంటే ఊరుకునే స్వభావం కాదు నాది. హెడ్డు గారు అడిగారు కాబట్టి చెప్పే హక్కు వచ్చింది. చెప్పాను. ఇది జర్మన్ ‘నైన్’ కాదు, తెలుగు ‘లేదు’. ఈ అమ్మాయి అంటున్నది ‘లేదండీ, వస్తాను’ అని. భోజనం ఉదాహరణ ఇచ్చాను, ఇంకో నాలుగు ఇచ్చాను, జర్మన్‌లోనూ తెలుగులోనూ. ప్రొఫెసరుకి ఆ వ్యాకరణం తెగ నచ్చింది. పడీపడీ నవ్వి, పుస్తకంలో రాసుకుని, సంతకం పెట్టేశాడు. గ్రేస్‌ని మళ్లీ ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా నేను వాదించాను కదా.

గ్రేస్ నా వైపు చూసింది. కృతజ్ఞత అనుకున్నాను.

అదీ జరిగింది. తప్పు నేర్పినదాన్ని కాదు, గట్టెక్కించినదాన్ని నేను. మంచివాడైన ఆ ప్రొఫెసరు నేను నోరు విప్పకపోతే కలం మూసి లేచిపోయేవాడు.

సెప్టెంబరులో వాల్తేరు స్టేషన్‌కి వెళ్లాను. వెళ్లకపోతే అసూయ అంటారు, వెళ్లాను. ఉక్కపోతలో గ్రేస్ ఆ కోటు చేతి మీద వేసుకుని నిలబడింది. బండి కదిలాక దానియేలు గారు ఏడుస్తూ, “ఏడాదే గదండీ” అన్నారు.

ఏడాది అయింది, గ్రేస్ రాలేదు. అక్కడే ఒక ఉక్కు కంపెనీ పరిశోధనశాలలో చేరిందని ముందు కాలేజీకి తెలిసింది, తర్వాత ఇంట్లోవాళ్లకి. హెడ్డు గారు నన్ను పిలిచి, ఒప్పందం ఆగిపోయిందమ్మా అన్నారు. నేను తీయించుకున్న పాస్‌పోర్టు మీద ఒక్క ముద్రయినా పడకుండానే దాని గడువు తీరిపోయింది. నా భుజాల కొలత మంచు చూసింది, భుజాలు మాత్రం ఎర్ర దుమ్ము గదిలోనే ఉండిపోయాయి. పూర్ణా మార్కెట్‌లో దానియేలు గారు ఎదురుపడితే పలకరించబోయాను. “అడక్కండి మేడంగారూ, నాకేటీ తెల్దు” అని కూరల సంచీ పట్టుకుని వెళ్లిపోయారు.

అప్పుడు మొదలైంది నా అనుమానం. తెలుగు ‘లేదు’కి ఒక తోక ఉంటుంది. ‘లేదండీ, వస్తాను.’ ఆ ‘వస్తాను’ లేకుండా ఎవరూ ఆగరు. గ్రేస్ ‘నైన్’కి తోక లేదు. అన్నానికీ స్నానానికీ ‘డొఖ్’ అన్న పిల్ల, అసలైన చోట ఎలా మరిచిపోయింది? బోర్డు ముందు నిలబడి నిజమే చెప్పిందా? ఆ నిజాన్ని నేనే వ్యాకరణంతో కొట్టేశానా?

ఆరేళ్ల తర్వాత ఒక క్రిస్మస్‌కి వచ్చింది. చర్చి ఆవరణలో కనిపించింది, నా మీద కోపం లేనట్టే, నాకు కోపం ఉంటుందని తెలియనట్టే. “మీ వల్లే మేడమ్” అంది. ఏది నా వల్లో చెప్పలేదు. తిన్నగా అడిగేశాను.

“ఆ రోజు నువ్వు పొరపాటున అనలేదు కదూ?”

గ్రేస్ నవ్వింది. “అవును మేడమ్.”

ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. గేటు దాటాక తెలిసింది నేను చేసిన పని. తెలుగు పద్ధతిలో ఆ ‘అవును’కి అర్థం పొరపాటు కాదని. అన్నేళ్లు అక్కడి మాటలో బతికి ‘డొఖ్’నే తెలుగులో ‘అవును’ అని ఉంటే, పొరపాటేనని. ఊరందరికీ ఈ తేడా నేర్పిన నేను, లేదు కదూ అని ప్రశ్న వేశాను!

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. పరీక్షకురాలు విన్నది చెప్పాలి. దాని వెనక అభ్యర్థి ఏమనుకుందో అభ్యర్థినే అడిగించాలి. ఆ తర్వాత ఎన్ని బోర్డుల్లో కూర్చున్నా ఒకరి ‘కాదు’ని నేను ‘అవును’గా మార్చలేదు. ఇంకోసారి అడగండి సార్ అనేదాన్ని. నన్ను మొండిదని అన్నారు, అననివ్వండి.

నా మీద కథలు చెప్పేవాళ్లకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. గ్రేస్‌ని మాత్రం ఈసారి సరిగ్గా, ‘కాదు’, ‘లేదు’ ఏదీ కలపకుండా అడుగుతున్నాను. గ్రేస్, ఆ రోజు నీకు తిరిగి రావాలని ఉందా?