మామ తువ్వాలు మార్చిన పూట

మొన్న పులివెందులలో మా అమ్మాయి బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్లాను. అవతలి జట్టు కోచ్, నా ఈడు ఆవిడ, భుజం మీద తువ్వాలు వేసుకుని నిలబడింది. ఆట మధ్యలో దాన్ని ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మార్చుకుంది. రింగులోకి బంతి వేయబోతున్న ఆమె శిష్యురాలు టక్కున ఆగి, పక్క పిల్లకు అందించింది. నాకు ఒళ్లు మండింది. ఆ సైగ మా మేనమామది. దానివల్లే ఆయన పోయేదాకా, పాతికేళ్లు, ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు నేను.

మామ వయసులో ఉన్నప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడినవాడు. సిమెంటు కోర్టు మీద పడి మోకాలు పోయాక మా ప్రొద్దుటూరు తిరిగొచ్చి కోచ్ అయ్యాడు. ఒక ఊరితో సరిపెట్టుకుంటే ఆయన మామ ఎందుకవుతాడు? పొద్దున మాకు నేర్పి, సాయంత్రం బస్సెక్కి వెళ్లి జమ్మలమడుగు ఆడపిల్లలకు నేర్పేవాడు. అవే పాఠాలు, అవే సైగలు. నన్ను అక్కడి పిల్ల పేరుతో పిలిచేవాడు, ఆ పిల్లను నా పేరుతో పిలిచేవాడట. "మీ మామకు యా పిల్ల యా ఊరిదో తెలీదు. ఇంటికొచ్చి నన్ను ఎవురని అడగలేదు, అదే పదివేలు" అనేది అత్త.

ఆ రెండు ఊళ్లూ ఫైనల్లో ఎదురుపడితే తన గతేమిటో ఆయన ఆలోచించినట్టు లేదు. ఇదే పులివెందుల కోర్టులో ఎదురుపడ్డాం. ఎవరి పక్కనా కూర్చోలేక మామ రింగు స్తంభం వెనక నేల మీద కూర్చున్నాడు. గెలిచిన జట్టులోంచే జిల్లా జట్టుకు తీసుకుంటామన్నారు. ఆ వయసులో నాకు అంతకు మించిన కోరిక లేదు. ఒక్క పాయింటు వెనక ఉన్నాం, క్షణాలే మిగిలాయి, బంతి నా చేతిలో ఉంది. మామ తువ్వాలు మార్చాడు. వేయొద్దు, అందించు అని. అందించాను. జమ్మలమడుగు పిల్ల మధ్యలో దూరి లాగేసుకుంది. ఓడిపోయాం. సైగ తెలిసిన పిల్ల కదా, ఆ పిల్లకోసమే మార్చాడని నా మనసులో పడిపోయింది. "ఎవరికి చేసినావు మామా ఆ సైగ?" అని నిలదీశాను. "ఉడకకు మార్సుకునింటాలేమ్మా" అన్నాడు, ఉక్కపోత మీదికి నెట్టేసి, నా ముఖం చూడకుండా. ఆ తరువాత పెళ్లిళ్లలో ఎదురైతే "బాగుండావా" దగ్గరే మా మాటలు ఆగిపోయేవి. మామ పోయి మూడేళ్లయింది.

మొన్న మ్యాచ్ అయ్యాక ఆ కోచ్ నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. ఆనాటి జమ్మలమడుగు పిల్లే. మొహమాటం లేకుండా అడిగేశాను, ఆ రోజు మామ సైగ నీకే కదా అని.

"నేను తువ్వాల్ని సూడనే లేదక్కా. నీ కండ్లే సూస్తా ఉంటి. సారు దిక్కు సూసి, మీ జట్టు పిల్ల దిక్కు తిరిగితివి. బంతి యాడికి పోతాదో తెలిసిపాయ" అంది. "ఎదుటోళ్ల కండ్లు సూడమని సారే కదా నేర్పింది" అంది.

బంతిని పోగొట్టింది నా చూపేనన్నమాట. మరి అది చెప్పకుండా ఉడక అని ఎందుకన్నాడు? నేను నొచ్చుకుంటాననా? నిజంగానే చెమట పట్టిందా? మళ్లీ ఒక్కసారి అడగడానికి పాతికేళ్లు చేతిలో ఉన్నాయి, అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది, మామ లేడు.