మైకక్క నోరు మూసుకున్న నెల

లాడ్జీ దుప్పట్లు ఉతికి, లోయ అంచున ఉన్న కమ్మీల మీద ఆరేయడం మైకక్క ఉద్యోగం. కింద మెలికలు తిరిగే నదిని ఫొటో తీద్దామంటే ఈ దుప్పట్లు అడ్డమని యాత్రికులు విసుక్కునేవారు. "నది ఎక్కడికీ పారిపోదు. నా దుప్పట్లు ఆరనివ్వండి" అనేది. ఆ మాట అవతలి గట్టు దాకా వినబడేది. ఆ పేరు ఊరికే రాలేదు.

అవతలి గట్టు మీద ఇంకో ఊరు. కేకేస్తే అందుతుంది. బస్సెక్కితే మాత్రం పై వంతెన చుట్టి వెళ్లేసరికి పూట గడుస్తుంది. లోయలో ఫోన్లు పలకవు. అందుకని రెండూళ్ల కబుర్లూ మైకక్క గొంతు మీదే నడిచేవి. అక్కడొక పట్టింపు కూడా ఉంది: మూడుసార్లు పిలిచినా పలక్కపోతే పొత్తు తెగినట్టే.

అరిచి అరిచి గొంతు పుండు పడింది. నెల్లాళ్లు గుసగుస కూడా కూడదని, మాట్లాడితే ఉన్న గొంతూ పోతుందని డాక్టరు చెప్పాడు. ఊరంతా అయ్యో అంది. మర్నాటి నుంచీ ఒక్కొక్కరే వచ్చారు.

"ఒక్క ముక్కే అక్కా, మా వియ్యపురాలికి..."

ఆవిడ తడి దుప్పటి వాళ్ల ముఖానే విదిల్చింది.

అప్పుడు అవతలి గట్టు నుంచి చెల్లెలు పిలిచింది. మైకక్క చెయ్యి ఊపింది. గాలికి అన్ని దుప్పట్లు ఊగుతుంటే చెయ్యెవరికి కనబడుతుంది? మొగుడు కమ్మీ పట్టుకుని, "మీ అక్కకు గొంతు బాగాలేదు!" అని అరిచాడు.

"నీతో కాదు బావా! వంకలు చెప్పకు! దుప్పట్లు ఆరేసే ఓపికుంది, నాకు పలికే ఓపిక లేదా? అక్కనే పలకమను!"

మర్నాడు రెండో పిలుపు. ఆ మర్నాడు మూడోది.

"ఇదే ఆఖరు! నా కూతురికి నెలలు నిండాయి. వస్తావా, రావా?"

మైకక్క నోరు తెరిచింది. మొగుడు చేత్తో మూశాడు. పలికితే గొంతు పోతుంది, పలక్కపోతే చెల్లెలు పోతుంది. ఆ చేతిని తోసేసి, బస్సు కోసం పరుగెత్తింది. చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ మొగుడూ వెనకే.

పై వంతెన మీద ఒక్క బస్సే పడుతుంది. ఎదురు బస్సుకు దారిచ్చి ఆగారు. అక్కను చూసి అందులోంచి చెల్లెలు దిగింది. మైకక్కా మొగుడూ కూడా దిగారు. అక్కను ఇంటి ముందే కడిగేద్దామని బయల్దేరిన మనిషి, ఆ పని వంతెన దగ్గరే మొదలెట్టింది.

"నేనేం చేశానక్కా? అంత కానిదాన్నయిపోయానా?"

లోయ ఏ మాటనూ వదలకుండా తిరిగి పలికింది. మైకక్క ప్రతి తిట్టూ రెండుసార్లు పడింది.

చెల్లెలు ఊపిరి పీల్చుకున్నప్పుడు బావ సందు చూసుకుని సంగతంతా చెప్పాడు. ఆమె అక్క మెడ నిమిరి కళ్లు తుడుచుకుంది. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"ఇంత జరిగితే నాకో మాట చెప్పొచ్చుగా అక్కా!"

మైకక్క నోరు తెరిచింది. డాక్టరు గుర్తొచ్చి మూసుకుంది. నెల తిరగ్గానే మొట్టమొదట ఏం అరవాలో అక్కడే ఖాయం చేసుకుని, చెల్లెల్ని రెక్క పట్టుకుని, ఆమె ఊరికే వెళ్లే తన బస్సెక్కించింది.