ఇదే ఆఖరిసారి

“...ఆ తీగ మీద నీ చెయ్యి పడిందంటే, తర్వాత నువ్వు పడేది ఆసుపత్రి మంచం మీదే!”

“అమ్మా, బిల్డింగంతటికీ మీటర్లు మారుస్తున్నాం. మీ ఒక్క దుకాణానికి పిడుగు పట్టుకొచ్చి కరెంటిమ్మంటారా?”

“పిడుగే తెచ్చుకో. నా కంప్యూటర్ మాత్రం ఆరకూడదు.”

ఎలక్ట్రీషియన్ తల పట్టుకున్నాడు. టీ తాగి వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చుకోమని చెప్పి, మెట్ల కింద నిచ్చెన వదిలేసి వెళ్లిపోయాడు.

ఆవిడని ఆ వీధిలో అందరూ స్టిక్కరక్క అంటారు. ఆవిడ కన్నా పెద్దవాళ్లూ అక్కనే అంటారు. బళ్ల మీది నంబర్లు, దుకాణాల అద్దాల మీది పేర్లు, గోడల మీది హెచ్చరికలు అన్నీ ఆవిడ కోసి అతికించినవే. ‘తలుపు మెల్లగా వేయండి’, ‘లిఫ్టులో ఆరుగురికి మించి ఎక్కరాదు’, ‘ఇక్కడ ఉచ్చ పోయరాదు’. గిరాకీ ఆ చివరిదానికే ఎక్కువ. ఆ వీధిలో ఆవిడ వద్దని రాయని పని లేదు, జనం మానేసిన పనీ లేదు.

మొదట్లో స్టీలు స్కేలు, బ్లేడు పెట్టుకుని చేత్తోనే కోసేది. తర్వాత కోసే యంత్రం కొంది. ఆ యంత్రానికి అక్షరాలు అందించే ప్రోగ్రామ్ రాసిచ్చింది ఆవిడ తమ్ముడు. ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం అతనిది. సాయంత్రాలు దుకాణంలో కూర్చుని ఒక్కో అక్షరం దిద్దుతుంటే, అక్క పక్కనే నిలబడి వంకలు పెట్టేది.

“ఈ సున్నా ఏంట్రా, ఎండిన నిమ్మకాయలా ఉంది?”

అక్షరాలు నున్నగా తేలాక, దాన్ని మిగతా స్టిక్కర్ దుకాణాలకు అమ్ముకుందామనుకున్నాడు తమ్ముడు. అతను బేరానికి వెళ్లేసరికి అందరి దగ్గరా అది అప్పటికే ఉంది. అడిగినవాళ్లకు లేదనడం అక్కకు చేతకాదు. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు, చేతిలో పెన్‌డ్రైవ్ నిలవదు.

తమ్ముడు అరవలేదు. అరిచినా బాగుండేది. మూడో వారం పాతది తీసేసి, ప్రోగ్రామ్‌ను కొత్త హంగులతో తెచ్చాడు. ఇక తెరిచినప్పుడల్లా ఒక లెక్క తగ్గుతుంది. అయిపోవచ్చినప్పుడు తెర మీద ‘ఇదే ఆఖరిసారి. ఇంకా కావాలంటే నన్ను అడగండి’ అని వస్తుంది. ఆ తర్వాత గుద్దినా తెరుచుకోదు.

“మీ అక్కకి కూడానా, బామ్మర్దీ?” అన్నాడు బావ.

“రూలంటే రూలే, బావా.”

కరెంటు దండగని టీకొకసారి, అన్నానికొకసారి కంప్యూటర్ ఆపేసే అలవాటు అక్కది. అలా ఆపుతూ తెరుస్తూ ఉండగానే ఒకరోజు ఆ ఆఖరి మాట తెర మీదికి వచ్చేసింది.

అడిగితే పోయేదే. కానీ, “వాడి ముక్కు తుడిచి పెంచిన చేతులివి. వాడి ముందు ఇప్పుడు చాచాలా?” అంది ఆవిడ. అడగలేదు. దానికి బదులు, కంప్యూటర్ ఆపడం మానేసింది.

రెండేళ్లయింది. అది ముసలి పిల్లిలా గురగురమంటూనే ఉంది. కరెంటు పోతే కాసేపు నిలబెట్టడానికి ఒక బ్యాటరీ పెట్టె కొన్నారు. ప్లగ్గు మీద ఆవిడే కోసి అతికించిన ‘ముట్టుకోరాదు’ ఉంది. పెళ్లిళ్లకు మొగుడూ పెళ్లాల్లో ఒకరు వెళితే ఒకరు కాపలా. జ్వరమొచ్చినా బెంచీ మీదే పడక. కడుపున పుట్టినవాళ్లను కూడా ఆవిడ ఇంతలా కాయలేదని మొగుడు నలుగురిలో అనేవాడు.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయాడు. ఉద్యోగమంతా సముద్రం ఉన్న ఊరికే బస్సు నడిపాడు గానీ, బస్టాండు దాటి సముద్రం మొహం చూసిన పాపాన పోలేదు. దిగిపోయాక ఇద్దరూ కలిసి వెళ్లాలన్నది ఒక్కటే కోరిక. “కంప్యూటర్‌ని కూడా చంకనెత్తుకుని పోదామా?” అని అడుగుతుంటాడు. ఆవిడకు నవ్వు రాదు.

ఎలక్ట్రీషియన్ టీ ముగించేలోపు ఆయన చాటుగా బామ్మర్దికి ఫోన్ కొట్టాడు. తమ్ముడు మోపెడ్ దిగి, బట్టతల తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“అడుగక్కా.”

“అడగను.”

“ఒక్క మాట.”

“ఒక్క మాటైనా, అరమాటైనా. మళ్లీ బ్లేడుతో కోసుకుంటా గానీ నిన్నడగను.”

“నీ వేళ్లు ఇప్పుడు వణుకుతున్నాయి కదే!” అన్నాడు మొగుడు.

“మీరు ఊరుకోండి.”

ఎలక్ట్రీషియన్ వచ్చి ఎవరినీ అడక్కుండా కరెంటు తీసేశాడు. బ్యాటరీ పెట్టె కీచుమంది. ఉన్న కాస్త వ్యవధిలో ఒక దంతవైద్యుడి పేరు కోసేద్దామని ఆవిడ యంత్రం మీదికి వంగింది. ‘దంత’ తెగింది. ‘వైద్య’ సగంలో ఉండగా తెర నల్లబడింది. గురగుర ఆగిపోయింది. రెండేళ్లుగా ఆ గదిలో ఎవరికీ వినపడని గోడ గడియారం టిక్కుటిక్కుమంటూ వినపడింది.

ఆవిడ డబ్బాలోంచి పాత బ్లేడు తీసి, తుప్పు పట్టిందేమోనని చూసుకుంది.

కొత్త మీటరు బిగించాక కరెంటు వచ్చింది. తమ్ముడు లేచి కంప్యూటర్ వేసి, ప్రోగ్రామ్ మీద నొక్కాడు. తెరుచుకుంది. ‘ఇదే ఆఖరిసారి’ అంది.

అతను మూసేసి మళ్లీ తెరిచాడు. ‘ఇదే ఆఖరిసారి.’

“జరుగు,” అంది అక్క. తనే మూసింది, తెరిచింది. మళ్లీ మూసింది, తెరిచింది. తాగుబోతు ఒట్టులా ప్రతిసారీ అదే మాట.

“ఎప్పట్నుంచిరా ఇలా?”

“మొదట్నుంచీ. నీ దాంట్లో లెక్క అక్కడే ఆగిపోతుంది. ఎన్నిసార్లయినా తెరుచుకుంటుంది.”

“మరి చెప్పి చావలేదే?”

“చెబితే సాయంత్రానికల్లా వీధి చివరిదాకా పంచిపెట్టేదానివి. ఇంకోసారి నొక్కితే నీకే తెలుస్తుందనుకున్నా. అసలు ఆపకుండా కూర్చుంటావని నాకేం తెలుసు?”

“రెండేళ్లు చూస్తూ ఊరుకున్నావా?”

“నువ్వు అడుగుతావని చూశా.”

మొగుడికి నవ్వాగలేదు. దగ్గొచ్చినట్టు నటించబోతే నిజంగానే పొలమారింది. ఎలక్ట్రీషియన్ నిచ్చెన భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, ఆ ప్రోగ్రామ్ తనకూ ఒకటి ఇప్పిస్తారా అని అడిగాడు.

ఆవిడ కంప్యూటర్ ఆపేసింది. ప్లగ్గు మీది ‘ముట్టుకోరాదు’ను గోటితో మెల్లగా, చిరగకుండా ఊడదీసి, తీసుకెళ్లి తమ్ముడి మోపెడ్ సీటుకు అతికించింది. లోపలికొచ్చి చీర కొంగుకు కట్టుకున్న దుకాణం తాళాలు విప్పి బల్ల మీద పెట్టింది.

“దంతవైద్యుడిది సగంలో ఉంది, పూర్తి చెయ్యి,” అంది తమ్ముడితో. “ఆఫీసుకు సెలవు పెట్టుకో. మీ బావా నేనూ సముద్రానికి వెళుతున్నాం. వచ్చేదాకా ఇక్కడ నువ్వే కూర్చుంటావు.”