ఆగ్నేయం మూల నెట్టు డబ్బా

మా ఇంట్లో నిప్పుకు సంబంధించినదేదైనా ఆగ్నేయం మూలే ఉంటుంది. పొయ్యి అక్కడే, గ్యాసు బండ అక్కడే. ఫ్రిజ్జు చల్లనిదే అయినా కరెంటుతో నడుస్తుంది కాబట్టి అదీ అక్కడే. అందుకని కొత్త నెట్టు కంపెనీ మనిషి డబ్బా పట్టుకొచ్చి ఎక్కడ బిగించమంటారని అడిగినప్పుడు నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"వంటింట్లో, ఫ్రిజ్జు పైన" అన్నాను.

అతను నడివయసు మనిషి. తల గోక్కున్నాడు. "హాల్లో అయితే ఇల్లంతా అందుద్దండి మామ్మగారూ. వంటింట్లో ఎవరూ పెట్టించుకోరండి."

"దానికి లైట్లు వెలుగుతాయా?"

"వెలుగుతాయండి."

"వేడెక్కుద్దా?"

"కొంచెం ఎక్కుద్దండి."

"అయితే ఆగ్నేయమే."

అతనికి రామచంద్రపురంలో ఇంకో ఇంటి పని ఉంది. వాదించలేదు.

మా అబ్బాయి కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్తాడు. కోడలు హైదరాబాదు కంపెనీ ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేస్తుంది. పాత నెట్టు చినుకు పడితే ఆగిపోయేది. మీటింగుల్లో కోడలు మాట మధ్యలో మాయమైపోవడం ఎక్కువైందని పై ఆఫీసరు గట్టిగా చెప్పాడట. మర్నాడు పొద్దున మీటింగులో కూడా అలాగే అయితే ఇక ఇంటి నుంచి కుదరదు, హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోవాల్సిందే. అంటే అక్కడ హాస్టలు. అందుకే ఈ కొత్త కనెక్షను. పాతది నేనే ఆ పొద్దున తీయించేశాను. ఒక ఇంటికి రెండు నెట్లు దేనికి?

"పేరూ పాస్‌వర్డూ ఏం పెట్టమంటారండి?" అన్నాడతను.

"పాతదానికి ఉన్నవే పెట్టు. అవేమీ అరిగిపోలేదు."

అలా చేస్తే టీవీకీ ఫోన్లకీ మళ్లీ చెప్పుకోనక్కర్లేదని కోడలు మెచ్చుకుంది. నేను ఆ ఉద్దేశంతో అనలేదు. ఆ మాట పైకి చెప్పలేదు.

చివర బిగించే ముందు మిగులు తీగ కత్తిరించబోతే ఆపాను. "ఉండనియ్యి. మా ఇంటి కోసం తెచ్చిందేగా?" అతను దాన్ని చుట్ట చుట్టి ఫ్రిజ్జు వెనక పెట్టి, లోపల గాజు ఉంటుంది, మడత పెట్టొద్దని చెప్పి వెళ్లాడు.

కోడలి గది ఇంటికి ఆ చివర, నైరుతిలో ఉంది. మధ్యలో మా మామగారి కాలం నాటి గోడలు, మూరెడు మందం. ఫ్రిజ్జు పక్కనే నా ఇత్తడి బిందెలూ స్టీలు డబ్బాలూ ఉండే అలమర. సాయంత్రం కోడలు ల్యాప్‌టాప్‌ను హారతి పళ్లెంలా పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వంటింట్లో నెట్టు బ్రహ్మాండంగా ఉంది. గడప దాటితే తగ్గింది. తన గదిలో బొత్తిగా లేదు. సెల్లు సిగ్నల్ అయితే మాకు వీధిలోకి వెళ్తేగాని అందదు.

"వంటింట్లోనే కూర్చో" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కోడలు పొయ్యికీ ఫ్రిజ్జుకీ మధ్య స్టూలు వేసుకుని, మీటింగుకు ముందు ఒకసారి సరిచూసుకుందామని తోటి ఉద్యోగినితో మాట్లాడుతోంది. నేను చుయ్యిమనేలా పప్పుకి పోపు వేశాను. పోపు వేసే వేళ అది. ఎండుమిరపకాయల ఘాటుకి కోడలు వరసపెట్టి తుమ్మింది.

"ఏంటే ఆ చప్పుడు, వానా?" అంది కంప్యూటర్లోంచి ఆ అమ్మాయి.

"మా అత్తయ్యగారు" అంది కోడలు.

తర్వాత లేచి గదిలోకి వెళ్లింది. నేను వెళ్లి చూస్తే బీరువా మీది సూట్‌కేసు దించి తుడుస్తోంది.

"ఏంటమ్మా ఆ పెట్టె?"

"ఏం లేదండి. దుమ్ము పట్టిందని."

మా ఇంట్లో దుమ్ము నేను పట్టనివ్వను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అబ్బాయి షిఫ్టుకి పోతే ఇంట్లో నాతో మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే. ఆ మాటలు నాకు నచ్చవు. అది వేరే సంగతి.

"హాల్లో పెడితే ఇక్కడికి అందుద్దా?" అన్నాను.

"అందుద్దండి. మీరు ఆగ్నేయం అన్నారుగా."

"అన్నాను."

"మరి హాల్లో మావయ్యగారి ఫోటో కింద బల్బు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంది కదండీ. దక్షిణం గోడకి. అది వేడెక్కదా అత్తయ్యగారూ?"

వెళ్లి బల్బు ముట్టుకుని చూశాను. వేడిగానే ఉంది. ఇన్నేళ్లలో దానివల్ల ఇంటికి ఏ కీడూ జరగలేదు. మా ఆయన పోయాకే పెట్టాం కాబట్టి ఆయన సంగతి ఇందులోకి రాదు.

ఆ గోడకి ప్లగ్గు ఒక్కటే. దానికి బల్బు ఉంది. కోడలు ఫోటో వంకా నా వంకా చూసింది. "ఎక్స్‌టెన్షను బాక్సు తెప్పిద్దామండి."

"కొట్లు తెరిచేసరికి నీ మీటింగు అయిపోద్ది."

తను తీయబోతే వద్దని, బల్బు నేనే తీశాను.

ఫ్రిజ్జు వెనక చుట్ట విప్పాం. కోడలు స్టూలెక్కి తీగను గుమ్మాల పైనున్న మేకులకు తగిలిస్తుంటే, మడత పడకుండా కింద నుంచి నేను అందించాను. ఫోటో దాకా వచ్చి ఇంకాస్త మిగిలింది. డబ్బాని ఫోటో కింద పెట్టి, బల్బు తీసిన ప్లగ్గుకే తగిలించాం. ఆ మనిషి కత్తిరించి ఉంటే వంటింటి గుమ్మం దగ్గరే ఆగేది. ఈ మాట కోడలితో అన్నాను. కాసేపాగి మళ్లీ అన్నాను.

మీటింగుకు తను గది తలుపు వేసుకుంది. నేను మిక్సీ వేయలేదు. చారుకి పోపు పెట్టలేదు. హాల్లో కుర్చీ వేసుకుని డబ్బా లైట్లు చూస్తూ కూర్చున్నాను. అవి మినుకుమన్నాయి గానీ ఆరలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "ఇక్కణ్ణించే చేసుకోమన్నారండి."

"అయితే ఆ పెట్టె పైన పెట్టెయ్. కాళ్లకి అడ్డం."

సాయంత్రం దీపం వెలిగించి ఆయన ఫోటోకి దణ్ణం పెట్టుకున్నాను. కింద డబ్బా పచ్చగా మినుకుమంటోంది. దణ్ణం సగం దానికి చెందినట్టయింది. చెందితే చెందిందిలే అని చేతులు దించలేదు.