భద్రయ్య పట్టిన నీళ్లు

భద్రయ్యకు నీళ్ల పిచ్చి ఉందని విమలమ్మ పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టింది. బొల్లారంలో వాళ్లింటి నల్లా నీళ్లను గుడ్డతో వడకట్టి, చింతపండుతో తళతళా తోమిన రాగి బిందెలో పోసి, తెల్లారాక గానీ తాగనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషికి సికింద్రాబాద్‌లో ఒక పరిశోధనశాలలో డిస్టిల్డ్ వాటర్ పట్టే ఉద్యోగం దొరికింది. ఇంకేం, గాజు గొట్టం చివర బొట్టుబొట్టుగా రాలే నీళ్లను తీర్థంలా చూసుకుంటూ అక్కడే ముసలివాడయ్యాడు.

రెండువేల అయిదు నాటికి ఆ ల్యాబ్ పిల్లలు ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్‌కు ఎగిరిపోతున్నారు. మారేడ్‌పల్లి నుంచి వచ్చే కల్పలత మాత్రం పరిశోధనే చేస్తానని మొండికేసి కూర్చుంది. వాళ్ల నాన్న దయాకర్‌కు ఓపిక నశించింది. కంపెనీ ఉద్యోగం చేతిలో ఉంది, వానలు పడేలోగా ఈ పని ఒక కొలిక్కి రాకపోతే అందులో చేరాల్సిందేనన్నాడు. ఆ దిగులు ఆమె భద్రయ్యకొక్కడికే చెప్పుకుంది.

తను చేస్తున్నదేమిటో కూడా ఒకరోజు టీ తాగుతూ విడమరిచింది.

"డీఎన్ఏ అంటె జంట తాడు కాకా. రెండు పోగుల మీద అక్షరాలుంటయ్. అవి ఎదురెదురుగ చేతులు పట్టుకుంటయ్. నేను కొత్త అక్షరాలు తయారు చేసిన. అవి ఊరికె పట్టుకోవు. నీళ్లల్ల కరిగిన రాగి రేణువొకటి నడుమ చేరితెనే కలుస్తయ్."

"అంటె రాగి పెళ్లిళ్ల పేరయ్య అన్నట్టు."

కల్పలత పడీపడీ నవ్వింది. "గంతే కాకా! పేరయ్య లేకుంటె సంబంధం కుదరొద్దు, ఉంటె గట్టిగ కుదరాలె. రెండూ చూపిస్తెనే నా మాట నమ్ముతరు."

భద్రయ్య చెవికి సగమే ఎక్కింది. రాగి ఈ పిల్లకు అచ్చొస్తుందన్న సగం. ఎండలకు తను పట్టిన నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో వాసన కొడుతున్నాయని ఆయనకు ముందే కడుపుమంట. మర్నాడే ఇంటి రాగి బిందె తెచ్చేశాడు. తక్కిన వాళ్లకు డబ్బా నీళ్లు, కల్పలత సీసాకు మాత్రం బిందెలో తెల్లవార్లూ నిలిచిన నీళ్లు. బయటికి చెబితే దిష్టి తగులుతుందని ఎవరితోనూ అనలేదు.

అప్పటి నుంచి ఆమెకు గ్రహచారం పట్టుకుంది. రాగి వేయని గొట్టంలోనూ పోగులు కలిసే ఉంటున్నాయి. వేడి చేస్తే విడిపోవలసినవి విడిపోవడం లేదు. పేరయ్య రాకుండానే పెళ్లి జరిగిపోతోంది. రసాయనాలు మార్చింది, మిషన్ మార్చింది. నీళ్లను మాత్రం అనుమానించలేదు, ఆ ల్యాబ్‌లో భద్రయ్య నీళ్లంటే అంత నమ్మకం. చివరికి పెద్ద సారు చూసి, అక్షరాలే తప్పుగా తయారయ్యాయని తేల్చేశాడు. ఆమె టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లడం భద్రయ్య రోజూ చూస్తున్నాడు. తన చేతిలో ఉన్నవి నీళ్లే కదా. బిందెను ఇంకా గట్టిగా తోమడం మొదలుపెట్టాడు.

వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం కల్పలత చిన్న చిన్న గాజు బుడ్లను ట్రేలో పెట్టుకొచ్చింది. ఏడాది పైగా కష్టపడి తయారు చేసుకున్న పోగులన్నీ వాటిలోనే ఉన్నాయి.

"పారబోసి కడుగు కాకా. చెడిపోయిన సరుకు."

ఆయన వాటిని సింకులో ఒంపి, శుభ్రంగా కడిగి బోర్లించాడు.

సోమవారం కంపెనీలో చేరుతుందనగా, చెప్పి పోదామని ఆయన గదికి వచ్చింది. భద్రయ్యకు దుఃఖం ఆగలేదు.

"నీ కోసమనే ఈ బిందెల పట్టిన బిడ్డా ఇన్ని దినాలు. అయినా నీకు కలిసి రాలె."

కల్పలత ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా సీసాల నీళ్లు... ఇందులవా?"

"నీ ఒక్కదానికే. రాగి మంచిదంటివి గదా."

ఆమె బిందె లోపలంతా చేత్తో తడిమి, స్టూలు మీద కూలబడింది. "రాగి నీళ్లల్లకు దిగుతది కాకా. కండ్లకు కనబడదు. నేను పిలవకముందే పేరయ్య వచ్చి కూసున్నడు. నా అక్షరాలు మంచిగనే ఉండె."

భద్రయ్య ఆమె ముందు చేతులు జోడించాడు. "మల్ల షురూ చెయ్యి. సారుకు నేను చెప్త. మీ నాయిన కాళ్లు పట్టుకుంట."

"ఏంతోటి షురూ చెయ్యాలె?" ఆమె సింకు వైపు చూసింది. "మల్ల తయారు చేయాలంటె ఏడాది. నాన్న ఆగడు. నేను సుత అలిసిపోయిన కాకా."

"తిట్టు బిడ్డా. జెర తిట్టు నన్ను."

ఆమె తిట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని, లేచి వెళ్లిపోయింది. రెండు తిట్లు తిట్టి ఉంటే ఆయన ప్రాణం కాస్త కుదుటపడేది.

ఆ సాయంత్రం బిందెను ఇంటికి మోసుకెళ్లాడు. పోయిందనుకున్న బిందె తిరిగొచ్చిందని మర్నాడు విమలమ్మ పొద్దున్నే సంబరంగా చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చింది. భద్రయ్య తాగలేదు. చెంబులోకి తేరిపార చూస్తూ నిలబడ్డాడు. నీళ్లు తేటగా ఉన్నాయి.

"ఏందీ, అండ్ల ఏమన్న పడ్డదా?"

"కనబడ్తలేదే," అంటూ ఆయన గుమ్మంలోనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.