అత్తమ్మ వాక్యం చాలా కఠినమట

ఇవాళ సాయంత్రం నాందేడ్‌లో మా ఇంట్లో జరిగిన పంచాయితీ ఇది. బిలోలి వైపు తెలుగు రైతుల కోసం, సోయా విత్తనం మొలుస్తుందో లేదో ఇంట్లోనే చూసుకునే పద్ధతి మీద కరపత్రం రాశాను. నూట యాభై పదాలు దాటకూడదు. పదాలు లెక్కపెట్టి, చదవడానికి ఎంత సులువో మార్కులేసే సైట్‌లో పెడితే నూట అరవై రెండు అంది. వేలు పెట్టి లెక్కపెట్టుకుంటే సరిగ్గా నూట యాభై! వరుసల ముందు నేను కొట్టిన చుక్కల్నీ గీతల్నీ కూడా పదాల్లో కలిపేసింది. వాక్యాలు చిన్నవని సులువుకు మాత్రం వందకు తొంభై ఇచ్చింది.

మురిసిపోయి, చుక్కల సంగతి కూడా చెప్పి, అత్తమ్మకు చదివి వినిపించాను. ఆ బిలోలి వైపే సగరోళిలో ఏళ్ల తరబడి సేద్యం చేసిన మనిషి.

“అంకురణ శాతం అంటే ఏంది? గిట్ల జెప్తే ఎవలికి సమజైతది? గోనెసంచి తడిపి నూరు గింజలు వరుసగ పెట్టి చుట్టి నీడకు పెట్టి రోజు నీళ్లు జల్లి వారానికి ఇప్పి ఎన్ని మొలిసినయో లెక్కవెట్టుకుంటే అయిపాయె!”

ఊపిరి తీసుకోకుండా ఆమె చెప్పిందంతా అలాగే టైపు చేసి సైట్‌లో పెట్టాను. “చాలా కఠినం” అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. వాక్యం మరీ పొడవట. ఆ మాటే ఆమెకు చెప్పాను.

“సుక్కలను గూడ మాటలనుకునేదాని మాట నువ్వెట్ల ఇంటున్నవ్?”

కరపత్రంలో ఆమె వాక్యమే పెట్టాను. మీలో ఎవరికైనా అది అర్థం కాకపోతే చెప్పండి, సైట్‌కు క్షమాపణ చెప్పుకుంటాను.